ఆడితేనే నాటకం బతికేది

నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడి, వచ్చేపోయే వాళ్లని 'మా భూమి' తెలుసా అని అడిగి చూడండి. చాలామంది తెలుసనే అంటారు. గద్దర్ పాటను గుర్తుచేస్తారు. కాస్త పెద్దవాళ్లయితే సాయిచంద్ పేరు కూడా చెబుతారు. "సినిమా కాదండీ, నాటకం సంగతి అడుగుతున్నా" అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. "ఆ నాటకాన్నేగా సినిమా తీసింది?" అని మనల్నే ఎదురు అడుగుతారు.

కాదు. బి.నర్సింగరావు తదితరులు నిర్మించగా గౌతమ్ ఘోష్ 1979లో తీసిన సినిమాకు ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. నాటకం అంతకు 32 ఏళ్ల ముందుది. పేరు ఒకటే, పోరాటం ఒకటే. కథ వేరు, రాసినవాళ్లు వేరు. సినిమా మనకు మిగిలింది. నాటకం పేరు మాత్రమే మిగిలింది, అదీ సినిమా పేరులో కలిసిపోయింది.

ఆ నాటకం 1947 నాటిది. రాసింది సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. ఇద్దరూ కృష్ణా జిల్లా వాళ్లే. కథ మాత్రం మన నల్లగొండది. జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అక్కడి కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ పోరాటం చుట్టూ అల్లిన నాటకం అది.

బందగీ పెద్ద నాయకుడేమీ కాదు. నాలుగెకరాల భూమిని నమ్ముకున్న సామాన్య రైతు. ఆ భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. ఆ దొరకు 40,000 ఎకరాలు ఉండేవని పోరాట చరిత్రలు చెబుతాయి. అన్ని ఎకరాలున్న మనిషికి ఈ చెలక దేనికి అని అడగకండి. దొరతనం అంటేనే అది. దొర ఎదుట చేతులు కట్టుకుని నిలబడాల్సిన రోజుల్లో బందగీ కోర్టుకు ఎక్కాడు. చివరికి దొర మనుషుల చేతిలో హతమయ్యాడు. ఇది 1940ల తొలినాళ్ల మాట. అప్పటికి సాయుధ పోరాటం ఇంకా మొదలు కాలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత ఆ నిప్పు ఊరూరా అంటుకుంది.

ఈ కథను నాటకంగా రాసినప్పుడు ఒక చిత్రం జరిగింది. నల్లగొండ కథను నల్లగొండలో ఆడే వీలు లేదు. నిజాం రాజ్యంలో నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావాలి. దొరను వేదిక మీద నిలదీసే నాటకాన్ని ఆ దొర ఊళ్లోనే పందిరి వేసి ఆడడం అనేది ఊహకందే మాట కాదు. అందుకే 'మా భూమి' ఎక్కువగా సరిహద్దుకు అవతల, మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర పల్లెల్లో ఆడింది. కృష్ణా, గుంటూరు రైతులు పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో తెలంగాణ రైతు గోస చూశారు.

ఆడించింది ప్రజానాట్యమండలి. డాక్టర్ గరికపాటి రాజారావు దాన్ని నడిపిన పెద్దల్లో ముఖ్యులు. మండలి దళాలు ఊరూరా తిరిగి వందల ప్రదర్శనలు ఇచ్చాయి. సినిమా అభిమానులకు ఇక్కడొక ముచ్చట. మన 'సత్యభామ' జమున బడిపిల్లగా ఉన్నప్పుడు 'మా భూమి' నాటకంలో వేషం వేసింది. ఆ ప్రతిభ గుర్తించిన రాజారావు తాను తీసిన 'పుట్టిల్లు' సినిమాలో ఆమెను కథానాయికను చేశారు. అది 1953. అల్లు రామలింగయ్యకు కూడా అదే తొలి సినిమా. మిక్కిలినేని కూడా ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన వారే. తెలుగు తెర మీద మనం ఏళ్ల తరబడి చూసిన ఎన్నో ముఖాలకు తొలిసారి రంగు పూసింది ఆ మండలే.

1948లో మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. కళాకారుల్లో కొందరు జైళ్లకు పోయారు, కొందరు అజ్ఞాతంలోకి వెళ్లారు. ఆట ఆగిపోయింది.

ఇప్పుడు ఒక్కసారి అమెరికా వెళ్లొద్దాం. ఎందుకంటే సరిగ్గా అవే సంవత్సరాల్లో న్యూయార్క్‌లో కూడా భూమి మీద ఒక నాటకం ఆడుతోంది. దాని పేరు 'ఓక్లహామా'. 1943 మార్చి 31న మొదలైంది. మన దేశంలో ఇప్టా, ప్రజానాట్యమండలి పుట్టింది కూడా ఆ ఏడాదే. ఆ నాటకం ఏకంగా 2,212 ప్రదర్శనలు ఆడి 1948 మేలో ముగిసింది. 'మా భూమి' మీద నిషేధం పడింది కూడా 1948లోనే.

సంగీతం రిచర్డ్ రోడ్జర్స్‌ది, మాటలు, పాటలు ఆస్కార్ హామర్‌స్టీన్‌వి. అప్పటిదాకా అక్కడి సంగీత నాటకం అంటే తెర లేవగానే వరసగా అమ్మాయిల డాన్సు, మధ్యమధ్య జోకులు. పాటకీ కథకీ పెద్దగా పొత్తు ఉండేది కాదు. మన దగ్గర పద్యనాటకంలో 'వన్స్‌మోర్' అనగానే చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ అందుకునేదని జోకులు చెప్పుకుంటాం కదా, అలాగన్నమాట. 'ఓక్లహామా'లో తెర లేస్తే వేదిక మీద ఉన్నది ఒక్క పెద్దావిడ. వాకిట్లో కూర్చుని వెన్న కోసం కవ్వం ఆడిస్తూ ఉంటుంది. లోపలి నుంచి కథానాయకుడి పాట వినిపిస్తుంది. అంతే. మన పాలమూరు పల్లెలో తెల్లారినట్టే ఉంటుంది. పాట కథను ముందుకు నడపాలి, అక్కడే ఆపేయకూడదు అన్న పద్ధతి ఆ నాటకంతో అమెరికాలో స్థిరపడింది. తర్వాత వచ్చిన 'మై ఫెయిర్ లేడీ' (1956), 'వెస్ట్ సైడ్ స్టోరీ' (1957) అన్నీ ఆ దారిలోనే నడిచాయి.

నిజానికి కథను పాటతో నడపడం మనకు కొత్త కాదు. బాగోతం చేసేది అదే. బుర్రకథ చేసేదీ అదే. తంబుర పట్టిన కథకుడు కథ నడుపుతుంటే, ఒక పక్క వంత హాస్యం చెబుతాడు, మరో పక్క వంత రాజకీయం చెబుతాడు. ఆ కళను కొత్త కాలానికి తిప్పిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. 'మా భూమి' రచయితల్లో ఒకరైన సుంకర, 'కష్టజీవి' లాంటి బుర్రకథలు కూడా రాశారు. కాబట్టి మనకు లేనిది కళ కాదు. అది ఏమిటో చివర్లో చెప్పుకుందాం.

'ఓక్లహామా' కథ 1906లో జరుగుతుంది. ఆ ప్రాంతం ఇంకా రాష్ట్రం కాలేదు, కాబోతోంది. పొలానికి కంచె వేసుకునే రైతుకూ, పశువులను ఊరి బయట మేపుకునే కాపరికీ తగాదా. మన ఊళ్లో గొర్ల మంద చేలో పడితే అయ్యే పంచాయితీ లాంటిదే. మధ్యలో ప్రేమ, పెళ్లి. అందరూ కలిసి ఈ నేల మనది అని సంబరపడుతుండగా కథ ముగింపుకొస్తుంది. ఆ నాటకంలోని పాటనే 1953లో ఓక్లహామా రాష్ట్రం తన అధికార గీతంగా ప్రకటించుకుంది. ఒక భూమి నాటకం రాష్ట్ర గీతం అయింది. మరో భూమి నాటకం నిషేధానికి గురైంది. తేడా ఎక్కడుంది?

తేడా ప్రశ్నలో ఉంది. ఈ నేల ఎవరిది అని 'ఓక్లహామా' అడగదు. ఆ పేరే చోక్తా తెగ వారి భాషలోది. ఎర్రజాతి ప్రజలు అని అర్థం. 1830లలో చెరోకీ, చోక్తా లాంటి తెగలను వాళ్ల సొంత ఊళ్ల నుంచి వెళ్లగొట్టి, ఇక్కడ ఉండండి, ఇది మీకు శాశ్వతం అని మాటిచ్చి ప్రభుత్వమే అక్కడికి తోలింది. దారిలోనే వేలమంది చనిపోయారు. తర్వాత ఆ భూమినే ముక్కలు చేసి, మిగులు అని పేరు పెట్టి తెల్లవాళ్లకు పంచింది. 1907లో రాష్ట్రం చేసింది. నాటకంలో ఆ తెగల మనిషి ఒక్కడూ కనిపించడు. ఇంకా చిత్రం ఏమిటంటే, 'ఓక్లహామా'కు మూలమైన 1931 నాటి నాటకాన్ని రాసిన లిన్ రిగ్స్ తల్లి వైపు నుంచి చెరోకీ వాడే.

'మా భూమి' మొదలయ్యేదే ఆ ప్రశ్నతో. దున్నేవాడిదా, పట్టా రాయించుకున్నవాడిదా? రజాకార్ల రోజుల్లో, హిందూ ముస్లిం గొడవగా అంతా చూస్తున్న సమయంలో, ఒక ముస్లిం రైతు పోరాటాన్ని తీసుకుని కథ అల్లారంటే దాని వెనుక ఆలోచన ఉంది. ఇది మతాల తగాదా కాదు, భూమి తగాదా అని చెప్పడమే అది.

"అదంతా పార్టీ ప్రచారం కదా, పోరాటం అయిపోయాక ఆ నాటకంతో పనేముంది?" అనేవాళ్లుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ప్రచారం కోసం రాసిన నాటకంలో దొర దొరలాగే ఉంటాడు, రైతు రైతులాగే ఉంటాడు. మనిషి లోపలి చీకటికోణాల్లోకి వెళ్లే తీరిక ఉండదు. దానికి అమెరికా నుంచే ఒక నాటకాన్ని ఎదురు చూపించవచ్చు. అది ఆర్థర్ మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'. 1949 ఫిబ్రవరి 10న న్యూయార్క్‌లో మొదలైంది, 742 ప్రదర్శనలు ఆడింది.

అందులో దొర లేడు, తుపాకి లేదు. విల్లీ లోమన్ అనే 63 ఏళ్ల సేల్స్‌మన్ ఉంటాడు. జీవితమంతా ఒకే కంపెనీకి ఊళ్లు తిరిగి సరుకు అమ్మాడు. ముసలివాడయ్యాక, తాను చంటిపిల్లాడిగా ఎరిగినవాడే యజమాని అయి, ఇక రావద్దంటాడు. ఎదిగిన ఇద్దరు కొడుకులు అనుకున్నట్టు కాలేదు. ఇంటి అప్పు 25 ఏళ్లుగా కడుతూనే ఉన్నాడు. బతికున్న తనకంటే చచ్చాక వచ్చే బీమా డబ్బే ఇంటికి ఎక్కువ పనికొస్తుందని లెక్క వేసుకుంటాడు. అంత్యక్రియల రోజున భార్య లిండా చెబుతుంది, ఇంటి చివరి కిస్తీ ఈరోజే కట్టానని. ఇది చదివిన మనలో ఎవరికైనా ఒక మెడికల్ రిప్రజెంటేటివో, చిట్టీల ఏజెంటో, బొంబాయి, దుబాయి పోయి వచ్చిన పాలమూరు తండ్రో గుర్తుకు రాకుండా ఉంటారా? 1983లో మిల్లర్ స్వయంగా బీజింగ్ వెళ్లి చైనా నటులతో ఈ నాటకం ఆడించాడు. ఊళ్లు తిరిగే సేల్స్‌మన్ అనే ఉద్యోగమే తెలియని జనం కూడా కొడుకుల మీద ఆశలు పెట్టుకున్న తండ్రిని గుర్తుపట్టారు.

అందుకని, ఇలాంటి నాటకాలే బతుకుతాయి, ఒక కాలం కోసం రాసినవి ఆ కాలంతోనే పోతాయి అనుకుందామా? ఆగండి. అదే మిల్లర్ 1953లో 'ద క్రూసిబుల్' రాశాడు. అప్పుడు అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడుస్తోంది. కమిటీ ముందుకు పిలిచి, నీ స్నేహితుల పేర్లు చెప్పు అంటారు. చెబితే ఉద్యోగం ఉంటుంది, లేకుంటే ఊడుతుంది. 'సేల్స్‌మన్'కు దర్శకత్వం వహించిన ఎలియా కజానే 1952లో పాత సహచరుల పేర్లు చెప్పాడు. ఆ స్నేహం అక్కడితో తెగింది. మిల్లర్ నేరుగా ఆ సంగతి రాయలేదు. 1692లో సేలం అనే ఊళ్లో మంత్రగత్తెలన్న పేరుతో ఊరివాళ్లనే ఉరితీసిన ఉదంతం తీసుకున్నాడు. అది తన కాలం గురించేనని చూసినవాళ్లందరికీ అర్థమైంది.

ఫలితం అనుభవించాడు కూడా. 1954లో బెల్జియంలో తన నాటకం మొదటి ప్రదర్శనకు వెళ్దామంటే పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1956లో కమిటీ ముందుకు పిలిచారు. ఇతరుల పేర్లు చెప్పనన్నాడు. 1957లో ధిక్కార నేరం కింద శిక్ష పడింది, 1958లో పై కోర్టు కొట్టేసింది. నాటకం కూడా మొదటిసారి అంతంతమాత్రంగానే ఆడింది. 197 ప్రదర్శనలతో సరి. 1958లో న్యూయార్క్‌లోనే చిన్న హాల్లో మళ్లీ ఆడితే జనం వచ్చారు. అప్పటి నుంచి ప్రపంచమంతా ఆడుతూనే ఉంది.

చూశారా? అదీ ఒక కాలం కోసం రాసిన నాటకమే. ఆ కమిటీ పోయింది, ఆ భయం పోయింది, నాటకం మాత్రం ఉంది. అది మన మహబూబ్‌నగర్ పల్లెకు వచ్చినా ఒక్క మాట విడమరచి చెప్పాల్సిన పని ఉండదు. బాణామతి చేశారన్న అనుమానంతో పక్కింటి మనిషినే కొట్టి చంపిన వార్తలు తెలంగాణ జిల్లాల నుంచి మనం ఎన్ని చదివాం? ఊరంతా ఒకటై ఒక మనిషి మీద పడినప్పుడు, కాదు అని చెప్పేవాడి కథ అది. అది ఎప్పటికీ పాతబడదు.

కాబట్టి 'మా భూమి'ని మనం మరిచిపోవడానికి కారణం అది ప్రచార నాటకం కావడం కాదు. నిషేధం ఒక్కటే కూడా కాదు. నిషేధం ఆ ఏళ్ల నాటి మాట. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాలుగా మనల్ని ఎవరాపారు?

అమెరికా వాళ్ల నాటకాలు ఇప్పటికీ బతికి ఉండటానికి రహస్యం న్యూయార్క్ థియేటర్లలో లేదు, వాళ్ల బడుల్లో ఉంది. హైస్కూలు పిల్లలు ఏటా ఒక పాత నాటకమో, సంగీత నాటకమో తీసుకుని నెలల తరబడి సాధన చేసి ఆడతారు. 1938లో థార్న్‌టన్ వైల్డర్ రాసిన 'అవర్ టౌన్' అందరికీ ఇష్టం. ఎందుకంటే దానికి తెరలు, సెట్టింగులు అక్కర్లేదు. రెండు బల్లలు, కొన్ని కుర్చీలు, రెండు నిచ్చెనలు ఉంటే చాలు. మిగతాది చూసేవాళ్లే ఊహించుకుంటారు. మన వీధి భాగవతం పద్ధతే. తల్లిదండ్రులు, ఇరుగుపొరుగు టికెట్ కొనుక్కుని వెళ్లి పిల్లల్ని చూస్తారు. అలా ప్రతి తరమూ ఆ మాటలను ఒకసారి తన నోటితో పలుకుతుంది.

మళ్లీ ఆడుతుంటే ఇంకో మేలు కూడా జరుగుతుంది. పాత నాటకంలో లోపాలు బయటపడతాయి. 2019లో న్యూయార్క్‌లో 'ఓక్లహామా'ను మళ్లీ ఆడారు. మాటలు దాదాపు అవే, పాటలు అవే. కానీ గోడల నిండా తుపాకులు వేలాడదీశారు. పైకి సంబరంలా కనిపించే కథ కింద ఉన్న హింసను చూపించారు. ఆ ప్రదర్శనకు ఆ ఏడాది టోనీ అవార్డు వచ్చింది. 2022లో 'సేల్స్‌మన్'ను నల్లజాతి కుటుంబం కథగా ఆడారు. పాత నాటకాన్ని దండ వేసి పటం కట్టడం కాదు, ఎదురు నిలబెట్టి అడగడం.

'మా భూమి'ని కూడా అలాగే అడగవచ్చు. కృష్ణా జిల్లా రచయితలు మన భాషను, మన మనుషులను సరిగ్గా పట్టుకున్నారా? ఆ రోజుల్లో గడిలో వెట్టి చేసిన ఆడవాళ్ల మాట అందులో ఎంత వినిపిస్తుంది? భూమి పంపకం తర్వాత కథ ఏమైంది? దున్నేవాడికి దక్కిన ఎకరాలు ఇప్పుడు ప్లాట్లు అయిపోతుంటే బందగీ ఏమనేవాడు? ఇవన్నీ నాటకం ఆడుతున్నప్పుడు, సాధనలో కూర్చున్న పిల్లల మధ్య పుట్టే ప్రశ్నలు. ఉపన్యాసంలో పుట్టవు.

ఇందాక అన్నాను కదా, మనకు లేనిది కళ కాదని. లేనిది ఈ అలవాటు. మన కాలేజీ వార్షికోత్సవాల్లో సినిమా పాటలకు డాన్సులు ఉంటాయి, మంచిదే. ఒక గంట ఈ నాటకానికి ఇవ్వలేమా? నల్లగొండ, సూర్యాపేట, జనగామ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో ఏటా ఒక్కటి చొప్పున ఆడినా పదేళ్లలో ఎంతమంది పిల్లల నోటి నుంచి ఆ మాటలు వస్తాయి! ఖర్చు ఎంతనుకున్నారు? గొంగళి, రుమాలు, కర్ర, ఒక కుర్చీ. ఆ కుర్చీలో దొర.

ఈ జిల్లాల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఇవాళ ఎంతోమంది ఉన్నారు. వాళ్ల దగ్గరకు వెళ్లిన తాతా, నానమ్మలు మనవడి బడిలో నాటకం చూసి మురిసిపోయి వస్తారు. ఎప్పుడో ఒక మనవరాలు 'ఓక్లహామా'లో వేషం వేసి, ఇంటికి వచ్చి "తాతా, మీ ఊళ్లో కూడా భూమి గురించి ఇలాంటి నాటకం ఉందా?" అని అడుగుతుంది. ఉంది తల్లీ, అని చెప్పడం తేలికే. "అయితే నువ్వు చూశావా?" అన్నదే రెండో ప్రశ్న.

దానికి ఈరోజు మన దగ్గర జవాబు లేదు. వచ్చే ఏటికైనా ఉండాలి.